అన్‌టచబుల్‌కు ఎదురుమాట ఏంది?

ఈ వారం ముచ్చట పోటీ పరీక్షలకు చదువుతున్న మన పిల్లల కోసం. ఇంగ్లిష్ ఆపోజిట్స్ గురించి.

కథలాపూర్ దిక్కు నుంచి మా కాలేజీకి వచ్చే పిల్లల్లో చాలామందిది తెలుగు మీడియం. అమ్మ బీడీలు చుడుతది, నాయన గల్ఫ్‌ల ఉంటడు. నేను చెప్పేది తెలుగు పాఠమే అయినా ఇంగ్లిష్ డౌట్లు కూడా నా దగ్గరికే తెస్తరు. వాళ్లకు చెప్పే ఉపాయం ఒక్కటే: ఒక మాట నేర్చుకుంటే దాని ఎదురుమాట కూడా పక్కనే రాసుకోండి.

ఇది మనకు తెలువని విద్య కాదు. న్యాయం–అన్యాయం మనకు ఉన్నదే. అచ్చు ముందు 'అన్' వస్తది: ఆచారం–అనాచారం. ఇంగ్లిష్‌ల కూడా హ్యాపీ–అన్‌హ్యాపీ. లాటిన్ నుంచి వచ్చిన 'ఇన్' మాత్రం తర్వాతి అక్షరాన్ని బట్టి రూపం మార్చుకుంటది: పాసిబుల్–ఇంపాసిబుల్, లీగల్–ఇల్లీగల్, రెగ్యులర్–ఇర్రెగ్యులర్. మన సంధి లాంటిదే. ఒక్క జాగ్రత్త: ఇన్‌వాల్యుబుల్ అంటే విలువ లేనిది కాదు, వెల కట్టలేనిది.

ఎదురుమాటలన్నీ ఒక్క తీరు ఉండవు. వేడికీ చల్లకూ మధ్య గోరువెచ్చన ఉంటది. పాస్‌కూ ఫెయిల్‌కూ మధ్య ఏమీ ఉండదు. మూడో రకం కొనుడు–అమ్ముడు: ఒకటి లేకుంటే రెండోది లేదు. దొర–వెట్టోడు ఈ రకమే. 1978 జగిత్యాల జైత్రయాత్ర కాలంల మనోళ్లు వెట్టి చెయ్యమన్నరు. చాలామంది దొరలు ఊరిడిచి పట్నం పట్టిండ్రు. వెట్టోడు లేకుంటే దొర ఎక్కడిది?

మొన్న ఒక చెల్లె అడిగింది: "సార్, అన్‌టచబుల్‌కు ఆపోజిట్ టచబుల్ అని రాయాల్నా?"

పరీక్షల అట్లనే రాయి బిడ్డా, మార్కు వస్తది. కానీ ఊర్ల ఎవరన్నా 'నేను టచబుల్' అని చెప్పుకుంటడా? తెలుగుల కూడా 'అంటరానివాడు' ఉన్నడు, 'అంటదగినవాడు' లేడు. ముద్ర మన మీదనే వేసి, వాళ్లు మామూలు మనుషులైండ్రు. బాబాసాహెబ్ ఈ దాపరికాన్ని ఒప్పుకోలే. తన రాతల్లో అన్‌టచబుల్స్ పక్కన టచబుల్స్ అని కూడా పేరు పెట్టి రాసిండు. ఆ ఒక్క మాటతో ప్రశ్న మన ఒంటి మీద నుంచి వాళ్ల మెదడు మీదికి పోయింది.

భాగ్యరెడ్డి వర్మది ఇంకో దారి. 1917ల బెజవాడల పంచమ మహాసభకు అధ్యక్షత వహించి, 'పంచమ' అన్న పేరే వద్దన్నడు. ఆది ఆంధ్రులం అన్నడు. వాళ్లు పెట్టిన పేరుకు ఎదురుమాట వెతుకలే, ఆ పేరునే పక్కకు నెట్టిండు.

రాజ్యాంగం 17వ అధికరణ కూడా అంటరానితనాన్ని రద్దు చేసింది. ఇక నుంచి వీళ్లను ముట్టుకోవచ్చు అని అనుమతి ఇయ్యలే. ఎందుకంటే ముట్టుకోనిచ్చుడు కూడా వాళ్ల దయనే అయితది. ముందున్న 'అన్' తీసేస్తే సరిపోదు. ఎవరిని ముట్టాలె, ఎవరిని ముట్టొద్దు అని చెప్పే అధికారమే పోవాలె. నా లెక్కల అన్‌టచబిలిటీకి ఎదురుమాట సమానత్వం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రోజుకు పది ఎదురుమాటలు రాసుకోండి. మాట ఒక గడిల, ఎదురుమాట ఒక గడిల. మూడో గడి కూడా గీసి అందుల రాయండి: ఈ పేరు ఎవరు పెట్టిండ్రు?

జై భీమ్.