నుదుటి రాతా - సమాజశాస్త్రమూ

ఆత్మకూరు అనగానే "ఏ ఆత్మకూరండీ?" అని అడగడం తెలుగువారిలో ఒక మర్యాద. నెల్లూరు వైపు ఒకటున్నది. నల్లమల అంచున కర్నూలు వైపు ఇంకొకటున్నది. పాత నల్లగొండ జిల్లాలోనే సూర్యాపేట వైపు ఒకటీ, భువనగిరి వైపు మరొకటీ ఉన్నాయి. మాది పాలమూరు ఆత్మకూరు. ఒకప్పుడు అమరచింత సంస్థానానికి రాజధాని. కృష్ణ ఒడ్డుకు దగ్గర. 2016 నుంచి వనపర్తి జిల్లాలో చేరింది. ఇన్ని ఆత్మకూర్లున్నా ఏ ఊరి బతుకు ఆ ఊరిదే అని మావాళ్ల నమ్మకం. అటువంటి చోట కూర్చుని నేను సమాజశాస్త్రం చదివాను. ఆ శాస్త్రం మొదటి పాఠమేమో, ఎవరి బతుకూ పూర్తిగా వారిది కాదనే గదా!

అప్పుడు నేను బజారులో ఒక బట్టల దుకాణంలో గుమాస్తాను. హైదరాబాదులో 1982లో పెట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉన్నది చూశారూ, అది నావంటివాళ్ల కోసం పుట్టింది. అప్పట్లో ఇంటరు లేకపోయినా అర్హత పరీక్ష రాసి బి.ఏ.లో చేరగలిగేవాళ్లు. పుస్తకాలు పోస్టులో వచ్చేవి, ఆదివారాలు పాఠాలు చెప్పేవారు. నేను 1989లో చేరినప్పుడు దాని పేరు ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. పట్టా చేతికొచ్చేసరికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అయింది. 1991లో పేరు మార్చారు. చదువు మధ్యలో నా పేరు మారలేదు గాని, నేను మాత్రం కొంత మారాననే చెప్పాలి.

బేరాలు లేనివేళ గల్లాపెట్టె పక్కన పుస్తకం తెరిచేవాణ్ణి. అందులో బొమ్మలన్నీ గడ్డాలవారివే. జర్మనీ నుంచి మార్క్సు, ఫ్రాన్సు నుంచి డర్క్‌హైము, మళ్లీ జర్మనీ నుంచి వెబరు. "వీళ్లంతా ఏ మఠం సాములు?" అని మా సేటు అడిగేవాడు. పదాలు అంతకన్నా గడ్డుగా ఉండేవి. యాంత్రిక సంఘీభావం, సేంద్రియ సంఘీభావం! సేంద్రియమంటే ఎరువనే నాకు తెలుసును. ఒకే తీరు పని చేసే జనాన్ని కలిపి ఉంచేది మొదటిది. తలా ఒక పని చేస్తూ ఒకరి మీద ఒకరు ఆధారపడేవాళ్లను కలిపి ఉంచేది రెండవది. 1893లో డర్క్‌హైము చెప్పిన ఈ మాట అమరచింత మగ్గాల దగ్గర నిలబడితే గాని నాకెక్కలేదు. రంగు అద్దేవాడు ఒకడు, పడుగు సరిచేసేది ఒకతె, నేసేవాడింకొకడు. వీళ్లలో ఏ ఒక్కరు మంచాన పడినా చీర ఆగిపోతుంది.

ఇక మా పెద్దనాయిన సంగతి చెప్పాలి. పాలమూరు లేబరు అన్న మాట దేశంలో వినని ఇంజనీరు ఉండడు. నాగార్జునసాగరమూ, శ్రీశైలమూ మొదలుకొని ఎన్నో ఆనకట్టలకు మా జిల్లా జనం రాళ్లు మోశారు, మట్టి తవ్వారు. గుంపు మేస్త్రీ ఊళ్లోకి వచ్చి ముందుగా కొంత రొక్కం చేతిలో పెడతాడు. ఆ రొక్కం తీరేదాకా పది నెలలు ఆలుమగలిద్దరూ వాడు చెప్పిన చోట పని చేయాలి. మా పెద్దనాయిన అలా ముప్పై ఏళ్లు తిరిగాడు. నడుము వంగి ఇంటికి చేరాక సాయంత్రాలు దుకాణం అరుగు మీద కూర్చునేవాడు. ఎందుకు పోయావు పెద్దనాయినా అంటే ఒకటే జవాబు: "నా నొసట గట్లనే రాసిండు కొడుకా."

ఆ రోజుల్లో నేను డర్క్‌హైము ఆత్మహత్యల గురించి 1897లో రాసిన గ్రంథం పాఠం చదువుతున్నాను. ప్రాణం తీసుకోవడం కన్నా సొంతమైన పని మనిషికి ఇంకేమున్నది? అయినా ఆయన చచ్చిపోయినవారి ఉత్తరాలు వెతకలేదు, ఏ దేశంలో ఏటా ఎంతమంది అన్న లెక్కలు తీశాడు. మనుషులు మారుతున్నా ఆ లెక్క ఒక్కొక్క దేశంలో ఏడాదికేడాది ఇంచుమించు అలాగే నిలిచి ఉంటున్నది. కాథలిక్కుల్లో తక్కువ, ప్రొటెస్టెంట్లలో ఎక్కువ. అంటే కారణం మనిషి లోపలే కాదు, మనిషికీ మనిషికీ మధ్య ఉన్న అల్లికలోనూ ఉన్నదన్నమాట. ఇటువంటివాటికి ఆయన సామాజిక సత్యాలని పేరు పెట్టాడు.

ఇదంతా పెద్దనాయినకు ఎలా చెప్పడం? "ఒక్కడి నొసట రాస్తే రాత అనుకుందాం. తాలూకా తాలూకా నొసట ఒకే అక్షరాలు ఎట్లా పడ్డాయి?" అన్నాను. ఆయన చాలాసేపు చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు. చివరికి, "అయితే రాసినోడెవడో చెప్పు" అన్నాడు.

నిజం చెప్పాలంటే సమాజశాస్త్ర సిద్ధాంతమంతా ఆ ఒక్క ప్రశ్నకు జవాబు వెతకడమే. ముగ్గురు గడ్డాలవారూ మూడు దారులు పట్టారు.

మార్క్సును అడిగితే, భూమి ఎవరి చేతిలో ఉన్నదో చూడమంటాడు. 1867లో అచ్చయిన 'పెట్టుబడి' మొదటి సంపుటంలో, కూలివాడు రెండు విధాల స్వేచ్ఛ గలవాడని ఎత్తిపొడుస్తాడు: తన శ్రమను అమ్ముకునే స్వేచ్ఛ ఒకటి, అమ్ముకునేందుకు అది తప్ప మరేమీ లేని స్వేచ్ఛ ఇంకొకటి. మా పెద్దనాయినకు ఆ మొదటిది కూడా లేదు. ముందు తీసుకున్న రొక్కం దాన్ని మింగేసింది. పరాయీకరణ అనే మాట నాకు అర్థం గాక నాలుగు రోజులు సతమతమయ్యాను. ఆయనకు నాలుగు నిమిషాలు పట్టింది. "ఓ పెద్ద కట్ట కట్టినం. నీళ్లొచ్చినంక సూడబోతే లోపటికి రానియ్యలె. మనం కట్టిందే మనకు పరాయి. గదే గదా?" అన్నాడు. అదే!

వెబరును అడిగితే, జనం ఎవరి మాట ఎందుకు వింటారో చూడమంటాడు. తాతముత్తాతల నుంచి వచ్చింది గనుక వినేది ఒక అధికారం, ఒక మనిషిలోని మహిమను చూసి వినేది రెండోది, చట్టం చెప్పింది గనుక వినేది మూడోది. సంస్థానపు రాజుగారిది మొదటిది. 1948లో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిశాక, 1949లో జాగీర్లు రద్దయ్యాక అది కథల్లో మిగిలింది. తహసీలుదారుది మూడోది. మరి మేస్త్రీది? వాడు మన ఊరివాడు, ఒకోసారి మన చుట్టమే. వరసపెట్టి పిలుస్తాడు, పెళ్లికి డబ్బిస్తాడు, పని దగ్గర కర్ర పడతాడు. అప్పు ముడిపెట్టి పని చేయించుకునే వెట్టిని నిషేధిస్తూ 1976లో చట్టం వచ్చింది. కాని బాబాయి వరస తగిలినచోట చట్టం పేరెత్తడానికి నోరు రాదు. వెబరు చెప్పిన గదుల్లో మేస్త్రీ ఒక కాలు ఒకదానిలో, ఇంకో కాలు ఇంకోదానిలో పెట్టి నిలబడ్డాడు.

డర్క్‌హైముకు మాత్రం మా కురుమూర్తి జాతర చూపించాలనిపించేది. దీపావళి వెళ్లాక చిన్నచింతకుంట దగ్గరి గుట్టల్లో స్వామికి ఉత్సవాలు. స్వామి నగలు మా ఆత్మకూరు నుంచే ఊరేగింపుగా పోతాయి. ఉద్దాలు, అంటే స్వామి పాదుకలు, వడ్డెమాను నుంచి వస్తాయి. తోలుపని చేసే కుటుంబాలవారు ఉపవాసాలుండి నిష్ఠతో వాటిని తయారు చేస్తారు. అవి వచ్చేవేళ లక్షల జనం తాకాలని ఎగబడతారు. సమాజం తన్ను తానే దైవంగా కొలుచుకుంటుందని 1912లో ఆయన రాసినదానికి ఇంతకన్నా రుజువేం కావాలి? ఆ గుంపులో నేనూ తోసుకుంటూ పోయాను, నాకూ ఒళ్లు గగుర్పొడిచింది.

కాని నా పుస్తకం మూసుకోలేదు. కుట్టిన తోలును తలకెత్తుకునే మావంటి ఊళ్లల్లో, తోలు కుట్టినవాడికి మా చిన్నతనంలో చేదబావి దగ్గర చోటెక్కడ? డర్క్‌హైము కలిపే తాడును చూపించాడు గాని, ఆ తాడులోని మెట్లను చూపించలేదు. అది చూపించినవాడి పేరే చివరికి మా విశ్వవిద్యాలయానికి పెట్టారు. 1916లో, ఇరవై అయిదేళ్ల వయసులో, న్యూయార్కు కొలంబియా విశ్వవిద్యాలయంలో అంబేద్కరుగారు కులం పుట్టుక మీద ఒక పత్రం చదివారు. కులం లోపలే పెళ్లి అన్న కట్టడిలోనే దాని కీలకమున్నదని అందులో వాదించారు. పుస్తకాల నిండా పరదేశీయులే గదా అని చిన్నబోయిన నాకు, మన దేశపు ప్రశ్నను మనవాడే ముందు వేశాడని తెలిసి ధైర్యం వచ్చింది.

మన ప్రాంతమూ ఈ శాస్త్రానికి కొత్తది కాదు. మా జిల్లాలోని అమ్రాబాదు పీఠభూమి చెంచుల మీద ఫ్యూరర్ హైమెండార్ఫు పుస్తకం 1943లోనే వచ్చింది. ఉస్మానియాలో పనిచేసిన ఎస్.సి. దూబే శామీర్‌పేట ఊరిని పరిశీలించి రాసిన 'ఇండియన్ విలేజ్' 1955లో వెలువడి దేశదేశాల విద్యార్థులకు పాఠ్యమైంది. ఈ సంగతి చెబితే పెద్దనాయిన నవ్వాడు. "మమ్ముల సూసి రాసిండ్రు. మరి మాకు సదివి వినిపిచ్చిండ్రా?" అన్నాడు. ఆ ప్రశ్న విన్నాక నేను చదివిన ప్రతి పాఠమూ ఆ అరుగు మీద ఒకసారి చెప్పి చూసుకోవడం అలవాటు చేసుకున్నాను.

రెండో ఏడు దసరా దాటాక మేస్త్రీ మళ్లీ వచ్చాడు. ఈసారి అడిగింది పెద్దనాయిన మనవణ్ణి. పిల్లవాడికి పదిహేనేళ్లు, పదో తరగతిలో ఉన్నాడు. ఇంట్లో ఆడపిల్ల పెళ్లి అప్పు ఉన్నది. రొక్కం అరుగు మీద పెట్టి మేస్త్రీ, "వాని రాతల ఉంటే బాగుపడ్తడు" అన్నాడు. పెద్దనాయిన నావైపు తిరిగి, "రాత గాదు, లెక్క అంటివి గదా. లెక్కయితే కాయితం మీద వెయ్యి" అన్నాడు.

సిద్ధాంతం సంగతేమో గాని లెక్క నా వృత్తి. ముందిచ్చే రొక్కం, పది నెలల రోజులు, తిండి కింద పట్టేది, జ్వరమొచ్చిన రోజులకు కోసేది, వరసగా దుకాణం చిట్టా వెనక రాశాను. రోజుకు పడే కూలి మా ఊళ్లో పొలం పనికిచ్చేదానిలో సగం కూడా రాలేదు. బిగ్గరగా చదివాను. మేస్త్రీ కాదనలేదు, "అందరికీ గట్లనే గదా ఇచ్చేది" అన్నాడు. "అందరికీ గట్లనే అంటే రాత ఎట్లయితదిరా?" అన్నాడు పెద్దనాయిన.

రొక్కం వెనక్కి పోయింది. అప్పు మాత్రం పోలేదు. రెండు మేకలు అమ్మారు, వడ్డీ కట్టారు, అసలు మరి మూడేళ్లు లాగింది. పిల్లవాడు పదోతరగతి గట్టెక్కాడు. ఆ ఏడే పక్క వాడలోంచి అతని తోటివాళ్లు నలుగురు లారీ ఎక్కారు. మా చిట్టాలో వాళ్ల లెక్క ఎవరూ అడగలేదు, నేనూ ఇంటింటికీ తిరిగి చెప్పగలవాణ్ణి కాను. ఒక ఇంటి లెక్క తేలితే సామాజిక సత్యం మారదని అదే శాస్త్రం చెబుతుంది. అది కొంచెం చేదుగానే ఉంటుంది.

పరీక్షలో "సామాజిక సత్యాన్ని సోదాహరణంగా వివరించండి" అని వచ్చింది. ఫ్రాన్సు లెక్కలు క్లుప్తంగా ముగించి, గుంపు మేస్త్రీ లెక్క రెండు పుటలు రాశాను. రెండో తరగతి మార్కులు వచ్చాయి.

కాలేజీ కుర్రవాళ్లు కొందరు ఇప్పటికీ నన్నడుగుతారు, "సోషియాలజీ తేలిక సబ్జెక్టేనాండీ?" అని. తేలికేనంటాను. ఇంట్లో ఒక ముసలాయన్ను పక్కన కూర్చోబెట్టుకుని చదవమని కూడా అంటాను. ఆయన అడిగే ప్రశ్నలు మాత్రం పరీక్షాపత్రంలో వాటికన్నా కష్టంగా ఉంటాయి.