రేకు మిషన్

నందికొట్కూరులో కంసాలి అంగడికి వచ్చే పనిలో ఎక్కువ భాగం అతుకు పనే. తెగిన కాళ్ల గొలుసు, వదులైన మెట్టె, మర అరిగిపోయిన కమ్మ, కొక్కెం సాగిన పుస్తెల తాడు. కొత్త నగ చేయించుకునేవాళ్లు కర్నూలు షరాఫ్ బజారుకు పోతారు. చేతిలో డబ్బు ఇంకాస్త ఆడేవాళ్లు ప్రొద్దుటూరుకు పోతారు. 2022 ఏప్రిల్‌లో మా ఊరు నంద్యాల జిల్లాలో కలిసింది గానీ బంగారం కొనడానికి మాత్రం మా జిల్లా ఇప్పటికీ కర్నూలే.

2021 జూన్‌లో హాల్‌మార్క్ తప్పనిసరి చేయడం మొదలుపెట్టాక చిన్న ఊళ్ల కంసాలి చేతికి కొత్త బంగారం ఇంకా తగ్గింది. ఏడాదికి 40 లక్షల లోపు వ్యాపారానికి మినహాయింపు ఉంది, రెండు గ్రాముల లోపు వస్తువుకూ ఉంది. ఆ సంగతి గిరాకీకి చెప్పి చూడండి! "ఇవన్నీ నాకెందుకు ఆచారీ, 916 ముద్ర యాడుందో చూపియ్" అంటారు. తాళిబొట్లు, మెట్టెలు, పిల్లల మొలతాళ్లు మాత్రం ఇంకా మా దగ్గరే చేయించుకుంటారు. శనగలు అమ్ముడుపోయి డబ్బు కంటబడే మాఘ, ఫాల్గుణాల్లో, మళ్లీ శ్రావణంలో మాకు తల ఎత్తే తీరిక ఉండదు. మిగతా రోజుల్లో అతుకులే.

ఇదంతా తెలిసినవాణ్ణే. తెలిసి కూడా హైదరాబాదులో నగల యంత్రాల ఎగ్జిబిషన్ పెట్టారంటే పోయి, నా అంగడికి రాని పనికి సామాన్లు కొనుక్కొచ్చాను.

డబ్బు ఎక్కడిదంటే, అప్పు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో ఉన్న 18 చేతివృత్తుల్లో మాదీ ఒకటి. శిక్షణ అయ్యాక 5 శాతం వడ్డీ మీద తొలి విడతగా లక్ష రూపాయలిస్తారు, 18 నెలల్లో తీర్చాలి. పనిముట్లకు వేరుగా 15 వేల దాకా ఈ-వోచర్ ఉంది. మంచి పథకమే. తప్పు పథకానిది కాదు. లక్ష ఒక్కసారిగా చేతికొస్తే మనిషికి తన అంగడి ఇరుకుగా కనబడుతుంది. నాకూ అట్లే కనబడింది.

ఆ హాల్లోకి అడుగుపెట్టగానే మొదట చెవులకు పని తగిలింది. ఒక పక్క గొలుసులల్లే మిషన్లు, ఇంకో పక్క లేజర్‌తో అతికే పెట్టెలు, మైనం అచ్చులు పోసే యంత్రాలు. రాజ్‌కోట్ వాళ్లు, కోయంబత్తూరు వాళ్లు, ముంబయి వాళ్లు. ముప్పై మంది వరసగా కూర్చుని పనిచేసే కార్ఖానాల కోసం తయారైన సరుకు అది. ఆ వరసల్లో నడుస్తుంటే నేనూ అట్లాంటి కార్ఖానా యజమానిలాగే చేతులు వెనక కట్టుకున్నాను. ఒక స్టాలు ముందు రేకు మిషన్ పెట్టారు. కింద పైన రెండు ఉక్కు రోలర్లు, పక్కన పెద్ద పిడి, తళతళ మెరుస్తోంది. స్టాలు కుర్రాడు వేలెడు వెడల్పున్న రాగి బద్ద తీసి రోలర్ల నడిమధ్య పెట్టి పిడి తిప్పాడు. అవతలి పక్క బద్ద సన్నగా, నున్నగా, తిన్నగా వచ్చింది. "మీరు తిప్పండి సార్" అన్నాడు. తిప్పాను. వెన్నలాగా తిరిగింది. సుత్తితో సాగగొట్టే రేకు ఇంత తొందరగా వస్తే రోజుకు ఎన్ని తాళిబొట్లు చేయొచ్చో అక్కడే లెక్కేసుకున్నాను. చేయొచ్చు, నిజమే. చేయించుకునేవాళ్లు ఎందరని మాత్రం లెక్కేయలేదు.

రేకు మిషన్‌తో ఆగానా? కొత్త కమ్మచ్చు, జేబులో పట్టే డిజిటల్ త్రాసు, తోలు సంచిలో అందంగా పేర్చిన ఆకురాళ్ల సెట్టు, గ్యాసు టార్చి, రంపపు ఆకులు, వేలాడే మోటారు. సంచులు మోయలేక ఆటో మాట్లాడుకున్నాను.

మిషన్ ఇంటికొచ్చాక మొదటి చిక్కు దాన్ని పెట్టే చోటు దగ్గరే వచ్చింది. మేము కింద కూర్చుని పనిచేసేవాళ్లం. పీట, ముందు దాకలి, ఎడమ పక్క కుంపటి, కుడి పక్క నీళ్లు, ఎదురుగోడకు బ్రహ్మంగారి పటం. చేయి చాస్తే అందేంత దూరంలోనే అన్నీ ఉంటాయి. రేకు మిషన్ అట్లా కాదు. నిలబడి తిప్పాలి. నడుము ఎత్తున్న బల్లకు బోల్టులు వేసి బిగించాలి, ఆ బల్ల కదలకూడదు. బల్ల పెడితే అంగట్లో గిరాకీ కూర్చునే జాగా పోయింది. ఇది ఎగ్జిబిషన్‌లోనే తట్టాల్సిన మాట. అక్కడ దాన్ని ఇనుప దిమ్మెకు బిగించి ఉంచారు. నా కళ్లు మిషన్ మీదే ఉండిపోయాయి, కింద దిమ్మెను చూడలేదు.

రెండో చిక్కు శ్రావణంలో బయటపడింది. మా ఊరి పక్కనుంచి ఒకాయన వచ్చి వెండి పళ్లెం అడుగు మార్చమన్నాడు. వెడల్పు రేకు కావాలి. వెండిని కరిగించి, కాల్చి మెత్తబరిచి, మిషన్లో పెట్టి తిప్పాను. రేకు కొడవలిలాగా వంకర తిరిగి బయటికొచ్చింది. మళ్లీ కాల్చి మళ్లీ పెట్టాను. ఇంకాస్త వంకర. కొలిచి చూస్తే ఒక అంచు మందం, ఒక అంచు పలచన. రెండు రోలర్లూ ఒకదానికొకటి సమానంగా లేవు. ఒక కొస దగ్గర సందు ఎక్కువ, రెండో కొస దగ్గర తక్కువ. పలచబడిన పక్క లోహం ఎక్కువ సాగుతుంది, రేకు రెండో పక్కకు తిరుగుతుంది. ఎగ్జిబిషన్‌లో కుర్రాడు సన్న బద్దను నడిమధ్యలో పెట్టి తిప్పాడు గదా, సన్న బద్దకు ఈ తేడా తెలియదు. అతను మోసం చేశాడని అనను. అందరికీ అదే బద్దతో చూపిస్తున్నాడు. నా జేబులో నా వెండి ముక్క ఒకటి వెడల్పుది ఉండి ఉంటే అక్కడే తేలిపోయేది.

దాన్ని సరిచేసుకోవడం కర్నూలులో లేతు మిషన్లు బాగుచేసే ఒకాయన నేర్పించాడు. రేకు మిషన్ పైన రెండు మరలుంటాయి, ఒక్కో కొసకు ఒకటి. రెండింటినీ నడిమి పళ్ల చక్రం కలుపుతుంది, అందుకే ఒక పిడి తిప్పితే రెండూ కలిసి దిగుతాయి. ఆ నడిమి చక్రాన్ని పైకెత్తి, సందు ఎక్కువున్న పక్క మరను ఒక పన్ను మేర తిప్పి, చక్రాన్ని మళ్లీ కూర్చోబెట్టాలి. రోలర్లను తాకీ తాకనట్టు దగ్గరికి తెచ్చి వెనక సెల్‌ఫోన్ లైటు పెడితే వెలుగు గీత ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే మందంగా కనబడాలి. కనబడిందాకా తిప్పడమే. ఈ లైటు పరీక్షకు బద్ద కూడా అక్కర్లేదు, స్టాలు దగ్గరే చేయొచ్చు. సెల్‌ఫోన్ నా చేతిలోనే ఉంది. దాంతో మిషన్ పక్కన నిలబడి ఫోటో దిగాను.

కమ్మచ్చు సంగతి ఇంకా సిగ్గుచేటు, ఎందుకంటే అది నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన పనిముట్టు. ఉక్కు పలకకు వరసగా రంధ్రాలు, పెద్దదాని నుంచి చిన్నదాని దాకా. తీగ కొసను ఆకురాయితో సూదిగా చేసి, తేనెమైనం రాసి, వెనకపక్క నుంచి దూర్చి ముందుపక్క నుంచి పట్టకారుతో లాగాలి. రంధ్రం వెనక వెడల్పుగా ఉండి ముందుకు వచ్చేకొద్దీ ఇరుకు కావాలి. ఆ వాలే లోహాన్ని పిండి తీగ చేస్తుంది. కరీంనగర్ వెండి తీగపని వాళ్ల బతుకంతా ఈ వాలు మీదే నడుస్తుంది. నేను కొన్న కమ్మచ్చుకు వాలు లేదు. డ్రిల్లు వేసి వదిలేసిన రంధ్రాలు, అంచుల్లో కంటికి కనబడని ముల్లు. లాగిన ప్రతి తీగకూ పొడుగునా గీత పడింది, సన్నవాటి దగ్గరికొచ్చేసరికి తెగింది. మంచి కమ్మచ్చుల్లో రంధ్రం దగ్గర టంగ్‌స్టన్ కార్బైడ్ బిళ్ల దింపి ఉంటారు, ఆ చుట్టూ రంగు వేరుగా కనబడుతుంది. పలక తిప్పి వెనకపక్క చూస్తే చాలు. నేను ముందుపక్క అంకెలు చూశాను. అంకెలు చక్కగా చెక్కి ఉన్నాయి.

ఆకురాళ్ల సెట్టు మీద కోపం లేదు, నవ్వొస్తుంది. అన్ని ఆకారాలున్న సంచిలో నా చేతికి రోజూ పడేవి మూడే: అరగుండ్రం, ముక్కోణం, గుండ్రం. వాటిలోనూ ఒక్క సెట్టే కొన్నాను, అసలు తప్పు అక్కడుంది. వెండికీ బంగారానికీ ఒకే ఆకురాయి వాడితే పళ్ల సందుల్లో వెండి రజను నిలిచి బంగారు రజనులో కలుస్తుంది. మాకు రజను అంటే చెత్త కాదు. ఒళ్లో గుడ్డ పరుచుకుని పనిచేసేది, సాయంత్రం పీట కింద కూడా ఊడ్చి దాచేది అందుకే. కలిసిన రజనును మళ్లీ శుద్ధి చేయిస్తే తరుగు మనకే పడుతుంది. మూడేసి చొప్పున రెండు జతలు కొని ఒకదాని పిడికి ఎర్ర దారం చుట్టుకోవాల్సింది. ఇప్పుడు అదే చేశాను. స్విట్జర్లాండులో వలోర్బ్ అనే ఊరివి, ఒక్కొక్కటే విడిగా కొన్నాను. ధర చూస్తే గుండె గుభేలంది గానీ, చేతిలో పట్టి తోస్తే మాత్రం లోహం మాట వింటుంది. అన్నట్టు, ఆకురాయి ముందుకు తోసినప్పుడే కోస్తుంది. వెనక్కి లాగేటప్పుడు కూడా నొక్కేవాళ్లు ఎంత ఖరీదైనది కొన్నా పళ్లు పోగొట్టుకుంటారు.

డిజిటల్ త్రాసు గురించి రెండు మాటలు. తూనికలు కొలతల శాఖ ముద్ర లేని త్రాసుతో గిరాకీకి తూచి ఇవ్వడం నేరం. నాది ముద్ర లేనిది. అది ఇప్పుడు ఇంట్లో వెలిగారం తూచుకోవడానికి పనికొస్తోంది.

అన్నీ వృథా అనను. గ్యాసు టార్చి కొన్నందుకు నన్ను నేనే మెచ్చుకుంటాను. ఊదుడు గొట్టంతో చిన్నప్పటి నుంచి బుగ్గలు ఉబ్బించి ఊదినవాళ్ల దగ్గు మా వీధిలో అందరికీ తెలుసు. దానికి తోడు ఒకప్పుడు కాడ్మియం కలిపిన అతుకు వాడేవాళ్లు, ఆ పొగ ఊపిరితిత్తులను తినేస్తుంది. రంపపు ఆకులు కూడా మంచివి దొరికాయి. మా వైపు దొరికేవాటికంటే సన్నవి, విరగకుండా ఎక్కువసేపు వస్తాయి. చూడండి, ఎగ్జిబిషన్ నుంచి తెచ్చుకున్నవాటిలో రోజూ చేతిలో ఆడేవి ఈ రెండే. రెండూ అతుకు పనికి కావాల్సినవే.

మిషన్ తెచ్చిన కొత్తలో మా పెదనాయన వచ్చి చూశాడు. ఆయన మాట్లాడేది తక్కువ. 1963 జనవరిలో బంగారం నియంత్రణ నిబంధనలు వచ్చి 14 క్యారెట్లు మించి కొత్త నగ చేయగూడదన్నప్పుడు పని మానుకున్న ఇళ్లను చూసినవాడు. 14 క్యారెట్ల కట్టడి తర్వాత ఎత్తేసినా, బంగారం నియంత్రణ 1968లో చట్టమై, 1990 దాకా రద్దు కాలేదు. ఆ రోజుల్లో దాకళ్లు, కమ్మచ్చులు ఇనుము లెక్కన తూకానికి పోయాయని చెప్పేవాడు. కాబట్టి పనిముట్టు కొన్నవాణ్ణి ఆయన తిట్టడు. మిషన్ చుట్టూ ఒకసారి తిరిగి, పిడి తిప్పి, "రేకు పని నెలకు ఎంతొస్తాది రా నీకు?" అన్నాడు. నేను నోరు తెరవలేదు. "బాగుంది లే" అని పోయాడు.

అప్పటి నుంచి ఒక చిన్న నోటుబుక్కు పెట్టాను. ఏ పని వచ్చింది, దానికి ఏ పనిముట్టు సరిగ్గా లేక ఎక్కువసేపు పట్టింది, ఇంతే రాస్తాను. ఆ బుక్కు తిరగేస్తే ఎక్కువసార్లు కనబడేది రేకు కాదు, గొలుసు కడియాలు. తెగిన గొలుసుకు ఒకే కొలత కడియం చుట్టడానికి సన్న ఉక్కు కడ్డీలు నా దగ్గర లేవు. ప్రొద్దుటూరులో కొన్నాను. అవి జేబులో పట్టాయి.

మొన్న మిడుతూరు నుంచి ఒక పిల్లోడు వచ్చాడు. వాడికీ విశ్వకర్మ లోను వచ్చిందట, ఎగ్జిబిషన్‌కు పోతున్నాడట. "అన్నా, ఏం కొనాల?" అన్నాడు. వెడల్పు వెండి బద్ద ఒకటి, సెల్‌ఫోన్ లైటు, భూతద్దం పట్టుకుని పొమ్మన్నాను. ఆదివారం పోవద్దని, జనంలో మిషన్ దగ్గర నిలబడనీయరని, కమ్మచ్చును తిప్పి వెనకపక్క చూడమని, ఆకురాళ్లు సెట్టుగా కొనవద్దని చెప్పాను. అన్నీ విన్నాడు. విని, బల్ల మీద మిషన్ వైపు చూసి, "ఇది అమ్ముతావా?" అన్నాడు.

వాడు సంతకు వెండి మెట్టెలు, మొలగంటలు మొత్తంగా చేసి అమ్మేవాడు. వాడికి రేకు రోజూ కావాలి. ధర చెప్పాను. రోలర్ల వంకర కథ, పళ్ల చక్రం కథ మొత్తం చెప్పి, బద్ద తెచ్చుకుని నీ చేత్తో తిప్పి చూసుకో అన్నాను. "శానా ఎక్కువ చెప్తున్నావన్నా" అన్నాడు. బేరం ఇంకా తెగలేదు.