ముందు రస్సీ, తర్వాత తవక్కుల్



పోయిన జుమా నాడు నమాజు అయ్యాక మస్జిద్ మెట్ల దగ్గర మొహల్లా పెద్దాయన ఒకరు నన్ను ఆపారు. "మియాఁ, నీ బండికి ఎడమ పక్కన ఆ ఇనుప కొక్కేలేంటి? పాల క్యాన్లు వేస్తున్నావా?" అని అడిగారు.

"కాదు చాచా, మా అమ్మాయి సర్ఫింగ్ బోర్డు పెట్టడానికి."

ఆయనకు అర్థం కాలేదు. సమందర్‌లో అలల మీద నిలబడే పలక అని చెప్పాను. కాసేపు నన్ను చూశారు, కాసేపు బండిని చూశారు. "లడ్కీ?" అన్నారు. "జీ, లడ్కీ" అన్నాను. "అల్లాహ్ ఖైర్ కరే" అంటూ చెప్పులేసుకుని వెళ్లిపోయారు.

ఆ కొక్కేల వెనక ఒక కిస్సా ఉంది. అందులో గలతీ నాది. అందుకే దాచుకోకుండా రాస్తున్నాను.

మాది విశాఖపట్నం వన్‌టౌన్. బీచ్ రోడ్డు మీదుగా రుషికొండ సుమారు 15 కిలోమీటర్లు. మా పెద్దమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉండగా స్కూలు పిల్లలతో అక్కడికి వెళ్లి, ఎవరో అలల మీద నిలబడటం చూసి వచ్చింది. ఆ రోజు నుంచి ఒకటే జిద్. ముందు ఈత నేర్చుకో, తర్వాత చూద్దాం అన్నాను. మర్చిపోతుందనుకున్నాను. ఏడాది తిరిగేసరికి ఈత వచ్చేసింది. ఇక నా మాట నేను నిలబెట్టుకోవాలి కదా!

హయా సంగతి చాలామంది అడుగుతారు, అందుకని అది ముందే చెప్పేస్తాను. మెడ నుంచి చీలమండ దాకా కప్పే బట్టలు, తలకు బిగుతుగా పట్టే స్కార్ఫు, అన్నీ ఈత కోసం కుట్టినవి దొరుకుతున్నాయి. లెబనాన్‌లో పుట్టి ఆస్ట్రేలియాలో స్థిరపడిన అహెదా జనెట్టీ 2004లో బుర్కినీ తయారుచేసింది ఇలాంటి ఆడపిల్లల కోసమే. పిల్లలకు ఈత నేర్పమని హజ్రత్ ఉమర్ (రజి) చెప్పారని మన పెద్దలే చెప్పుకుంటారు. కాబట్టి నాకు ఆ విషయంలో ఫిక్ర్ లేదు. ఫిక్ర్ అంతా మా బేగంది. ఆమెది లోకులు ఏమంటారోనన్న ఫిక్ర్ కాదు.

పన్నెండేళ్ల కింద ఈద్ మర్నాడు ఆమె తమ్ముడు దోస్తులతో బీచ్‌కి వెళ్లాడు. అక్కడ చేపలు పట్టేవాళ్లు, ఇవాళ లోపలి లాగుడు ఎక్కువగా ఉంది, దిగొద్దు అన్నారు. నవ్వి, "అరే, కుఛ్ నహీ హోతా" అని దిగాడు. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ ఒక సన్నటి దారి చేసుకుని వెనక్కి పోతాయి. ఆ ప్రవాహంలో పడినవాడు ఒడ్డు వైపు ఎంత ఈదినా అలిసిపోవడమే తప్ప ముందుకు రాడు. ఒడ్డుకు సమాంతరంగా, పక్కకు ఈదితే ఆ దారి నుంచి బయటపడొచ్చు. ఆ ముక్క అతనికి తెలియదు. మర్నాడు మయ్యత్ ఒడ్డుకొచ్చింది. ఆ తర్వాత మా బేగం మళ్లీ ఇసుకలో కాలు పెట్టలేదు.

అయినా బేటీకి ఇజాజత్ ఇచ్చింది. ఎలా ఇచ్చిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. "నీళ్ల గురించి తెలియకపోవడం వల్ల పోయాడు. ఇదైనా తెలుసుకోనీ" అంది. ఒక్క షరతు పెట్టింది: నేర్పేవాళ్లు లేకుండా నీళ్లలో దిగకూడదు.

రోజూ గంటల లెక్కన బోర్డు కిరాయికి తీసుకుంటే మాకు గిట్టుబాటు కాదు. సెకండ్ హ్యాండ్‌లో ఒకటి దొరికింది. 7 అడుగుల పొడవు, దగ్గర దగ్గర రెండడుగుల వెడల్పు, పైన మెత్తటి ఫోమ్. బరువు ఏమంత లేదు, ఐదారు కిలోలు. అసలు మోసం అక్కడే ఉంది. బరువు లేని వస్తువంటే మనకు భయం ఉండదు. ఆటోవాళ్లు రెండు పక్కలా బయటికొస్తుందని ఎక్కించుకోలేదు. నా స్ప్లెండర్ రెండు మీటర్ల బండి, బోర్డు దానికంటే అర జానెడు పొడుగు. "బేటా, నువ్వు వెనక కూర్చుని చంకలో పెట్టుకో. మెల్లగా పోదాం" అన్నాను.

"జారిపోదా అబ్బా?"

"కుఛ్ నహీ హోతా."

ఆ మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో ఇప్పుడు తలుచుకుంటే శరం వేస్తుంది.

ఫజర్ అయ్యాక బయల్దేరితే వెళ్లేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. తెల్లవారుజామున గాలి నేల మీద నుంచి నీటి వైపు మెల్లగా వీస్తుంది. ఎండెక్కి నేల కాగాక అదే గాలి తిరగబడి సమందర్ నుంచి వస్తుంది, జోరుగా వస్తుంది. మేం తిరిగొచ్చేసరికి పది దాటింది. ఇంటికొచ్చేటప్పుడు సమందర్ మన ఎడమ చేతి పక్కనుంటుంది, బోర్డూ అమ్మాయి ఎడమ చంకలోనే ఉంది. తెన్నేటి పార్కు దగ్గర మలుపు తిరగ్గానే హవా ఒక్క దెబ్బ కొట్టింది. బోర్డు అడ్డం తిరిగి పడవ తెరచాపలా నిలబడింది. అమ్మాయి వదల్లేదు, వదలాలని తెలియదు పాపం. బండి రోడ్డు మధ్యకు జరిగిపోయింది. వెనక బస్సు బ్రేకు వేసిన చప్పుడు విన్నాను. తర్వాత ఇద్దరం తారు మీద ఉన్నాం.

అల్‌హమ్దులిల్లాహ్, అప్పటికి స్పీడు తగ్గించే ఉన్నాను. నా మోకాలు, దాని మోచేయి చీరుకున్నాయి, అంతే. బస్సు డ్రైవరు దిగి నన్ను తిట్టిన తిట్లకు నా దగ్గర జవాబు లేదు.

అంతకంటే పెద్ద గలతీ ఆ తర్వాత చేశాను. "అమ్మీకి చెప్పకు బేటా, ఊరికే పరేషాన్ అవుతుంది. ఇసుకలో పడ్డానని చెప్పు" అన్నాను. అమ్మాయి నా వైపు చూసింది, ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక అబద్ధం నేనే చెప్పాను.

రెండు రోజులు గడిచాయి. బేగం బట్టలు ఉతుకుతూ ఆ ఈత చొక్కా పట్టుకుని వంటగదిలోకి వచ్చింది. మోచేయి దగ్గర చిరుగు, దాని చుట్టూ నల్లటి మరక. "సునో జీ, సమందర్‌లో తారు రోడ్డు ఎక్కడ వేశారు?" అంది.

అంతా చెప్పేశాను. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. కుర్చీలో కూర్చుని చాలాసేపు ఆ చొక్కాను మడతపెడుతూ ఉంది. చివరికి అంది: "నేను ఇన్నాళ్లూ నీళ్లకు భయపడ్డాను. నీళ్లు ఒక్కటే కాదు కదా! మా తమ్ముణ్ని తీసుకుపోయిన మాటే మీరూ అన్నారు. మీరు దాన్ని తవక్కుల్ అనుకుంటున్నారు. కాదు, అది బేపర్వాయీ."

మనందరికీ చిన్నప్పటి నుంచి తెలిసిన హదీసే. ఒంటెను వదిలేసి అల్లాహ్ మీద భరోసా పెట్టాలా అని ఒకాయన అడిగితే, ముందు దాన్ని కట్టు, తర్వాత భరోసా పెట్టు అని రసూలుల్లాహ్ (స) చెప్పారు. తిర్మిజీలో ఉంది. బయాన్లలో ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. కట్టాల్సింది నా బండికేనని మాత్రం ఎప్పుడూ తట్టలేదు.

మర్నాడు పాత పోస్టాఫీసు దగ్గర వెల్డింగు చేసే భాయ్ దగ్గరికి వెళ్లాం. ముగ్గురం. నేను నేర్చుకున్నవి మీలో ఎవరికైనా పనికొస్తాయని చెబుతున్నాను. బోర్డు కాకపోయినా నిచ్చెనో, ఫ్లెక్సీ ఫ్రేమో, ప్లైవుడ్డో మోసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు.

కొక్కేలు ఎడమ పక్కనే పెట్టించాలి. కుడి పక్క సైలెన్సర్ ఉంటుంది, దాని వేడికి ఫోమ్ కరిగిపోతుంది. ముందు కొక్కెం క్రాష్ గార్డుకు, వెనకది సారీ గార్డు బిగించే చోట బోల్టు వేశాడు. ఇనుము గీసుకోకుండా పాత సైకిల్ ట్యూబు చుట్టాం. గేరు వేసే కాలికి చోటుండాలి, హ్యాండిల్ రెండు పక్కలా పూర్తిగా తిరగాలి. బండి ఆపి ఉన్నప్పుడే తిప్పి చూసుకోవాలి. బోర్డు ముక్కు పైకి లేచి ఉంటే గాలి దాని కింద దూరుతుంది, కాబట్టి కొంచెం కిందికి వంచి పెట్టాలి. అడుగున ఉండే రెక్కలు విప్పి సంచిలో వేసుకోవాలి. కాలికి కట్టుకునే తాడు వేలాడితే చక్రంలో పడుతుంది, చుట్టి లోపలికి దోపాలి. సాగే రబ్బరు తాళ్లు వద్దు, గాలి లాగితే అవీ సాగుతాయి. బకిల్ ఉన్న నవారు బెల్టులు రెండు చోట్ల కట్టాలి. వెనక కొసకు ఎర్ర గుడ్డ.

ఇంకో మాట. స్పీడు రెట్టింపైతే గాలి తోపు రెట్టింపుతో ఆగదు, నాలుగు రెట్లవుతుంది. నేను 30, మహా అయితే 35 దాటను. గాలి మరీ జోరుగా ఉంటే ఆగిపోతాను. ఒక గంట ఆలస్యమైతే ఎవరి కొంపా మునగదు.

అన్నిటికంటే ముఖ్యమైన షరతు బేగం పెట్టింది: బోర్డు ఉన్న బండి మీద బేటీ ఎక్కకూడదు. మరి అది ఎలా వస్తుంది అన్నాను. "భీమిలి బస్సులో. నేను తీసుకొస్తా" అంది.

నేను విన్నది నిజమేనా అని ఆమె మొహం చూశాను. అమ్మాయి అయితే చేతిలో గ్లాసు అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

ఆ ఆదివారం నేను ముందు చేరుకున్నాను. వాళ్లిద్దరూ బస్సు దిగి నడిచొచ్చారు. ఇసుక మొదలయ్యే చోట బేగం ఆగిపోయింది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, చాలాసేపు అక్కడే నిలబడింది. పెదాలు కదులుతున్నాయి. తమ్ముడి కోసం ఫాతిహా చదువుతోందని అర్థమై నేను పక్కకు జరిగాను. తర్వాత నేర్పే అతని దగ్గరికి వెళ్లి, "ఇవాళ లాగుడు ఎక్కడుంది, నాకు చూపించండి" అని అడిగింది. అతను చెయ్యి చాపి చూపించాడు: అటూ ఇటూ అలలు తెల్లగా విరుగుతుంటే మధ్యలో ఒక చోట నీళ్లు విరగకుండా ముదురు రంగులో ఉన్నాయి. "చూడటానికి అదే అన్నిటికంటే శాంతంగా ఉంటుంది అమ్మా" అన్నాడు. ఆమె ఆ చోటు వైపే చూస్తూ ఉండిపోయింది.

అమ్మాయి ఆ రోజు పదిసార్లు పడింది. ఒక్కసారి నిలబడింది, కలిమా చదివేంత సేపు. ఒడ్డున వాళ్లమ్మీ చప్పట్లు కొట్టలేదు, ఏడవలేదు. నా చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుంది.

ఖౌఫ్ పోయిందా అని ఆమెను నేను అడగలేదు. పోకపోయినా పరవాలేదు. మా ఇంట్లో ఆ ఖౌఫే ఇప్పుడు బెల్టులు చూస్తోంది, గాలి చూస్తోంది, నీళ్లు చూస్తోంది. ఒక్క మాటను మాత్రం మేం ఇంట్లోంచి పంపించేశాం. ఎవరి నోట "కుఛ్ నహీ హోతా" అని వచ్చినా మిగతా ఇద్దరూ తల తిప్పి చూస్తారు.

ఇవాళ పొద్దున బయల్దేరే ముందు సవారీ దుఆ చదివి కిక్ కొట్టబోయాను. బేగం గడప దగ్గర్నుంచి వచ్చి వెనక బెల్టు ఒకసారి లాగి చూసింది. వదులుగా ఉందట. దిగి మళ్లీ కట్టాను.

అల్లాహ్ హాఫిజ్.