రాతి గూటిలో ఎర్రపువ్వు

అమెరికాలోని యూటా రాష్ట్రం, ఆగ్నేయ మూల. ఎటు చూసినా ఎర్రటి ఇసుకరాయి. కాళ్లకింద ఆ రాయే అరిగి రాలిన ఇసుక. మధ్యలో నిలువునా కోసినట్టు లోయలు. బ్లఫ్ అనే చిన్న ఊరి చుట్టుపక్కల అలాంటి లోయలోకి దిగి, గోడలో గుహలా తొలిచిన చోటికి చేరితే... ఒక్కసారిగా చల్లదనం! పైకప్పు నుంచి చుక్కచుక్కగా నీళ్లు. ఆ తడిని పట్టుకుని వేలాడే చిన్న మొక్క, దానికి గొట్టాల్లాంటి ఎర్రటి పూలు. పేరు ఈస్ట్‌వుడ్ మంకీఫ్లవర్.

ఎడారిలో నీళ్లెక్కడివంటారా? పైన మెట్ట మీద కురిసిన వాన, మంచు ఇసుకరాయిలోకి ఇంకుతాయి. కింద గట్టి పొర అడ్డు తగలగానే పక్కకు మళ్లి లోయ గోడలోంచి ఊరతాయి. వీటినే వేలాడే తోటలంటారు. చుట్టూ ఎండిన నేలే కాబట్టి ఒక్కో తోటా ఒక్కో దీవి.

పువ్వుకు పేరిచ్చిన ఆలిస్ ఈస్ట్‌వుడ్ డెన్వర్‌లో హైస్కూలు టీచరు. కాలేజీ మెట్లెక్కలేదు, వృక్షశాస్త్రం సొంతంగా నేర్చుకున్నారు. 1892లో ఈ ఎడారిని గుర్రమ్మీద దాటుతూ మొక్కలు సేకరించారు. 1895లో మళ్లీ వచ్చారు. 1913లో రిడ్‌బర్గ్ అనే శాస్త్రవేత్త ఈ మొక్కకు ఆమె పేరు పెట్టారు.

బైపీసీ చదివినవాళ్లకు హెర్బేరియం అంటే తెలుసు. పాత పేపర్ల మధ్య మొక్కను నొక్కి ఆరబెట్టి అట్టకు అంటించడమే. చూడ్డానికి ఎండు ఆకే. కానీ మూలనున్న లేబుల్ చదవండి. ఎక్కడ, ఏ తేదీన, ఎవరు కోశారో ఉంటుంది. ఆ నాలుగు ముక్కలు లేకపోతే అది ఉత్త గడ్డిపరకే!

వాటి విలువ ఆలిస్‌కు తెలుసు. 1906 ఏప్రిల్ 18న శాన్‌ఫ్రాన్సిస్కోలో భూకంపం. మంటలు ముంచుకొస్తుంటే, మెట్లు కూలిన అకాడమీ భవనంలో రెయిలింగ్ పట్టుకుని ఆరో అంతస్తుకెక్కారు. 1,497 అపురూప నమూనాలను తాళ్లతో కిందికి దించారు. తన ఇంట్లో సామాను మాత్రం కాలిపోయింది.

ఇక గ్లెన్ కాన్యన్ సంగతి. 1963లో డ్యామ్ గేట్లు మూశారు. పావెల్ సరస్సు నిండేకొద్దీ వేలాడే తోటలెన్నో నీళ్లలో కలిసిపోయాయి. అంతకుముందే యూటా విశ్వవిద్యాలయం నుంచి ఆంగస్ వుడ్‌బరీ బృందం అక్కడి మొక్కల్ని, జంతువుల్ని నమోదు చేసింది. మునిగిన లోయలకు మిగిలిన సాక్ష్యం అలాంటి రికార్డులే.

కథ అక్కడితో ఆగలేదు. 2000 తర్వాత కరువుతో సరస్సు తగ్గుతూ వచ్చింది. 2023లో, నిండిన తర్వాత ఎన్నడూ లేనంత కిందికి దిగింది. బయటపడ్డ పక్కలోయల్లో మళ్లీ ఊటలు, పచ్చదనం. వాటిలో అక్కడి పాతకాపులేవో, వలసొచ్చిన కలుపేదో తేల్చాలంటే పాత అట్టలు తిరగేయాల్సిందే.

ఇప్పుడు ఆ అట్టల ఫొటోలు కంప్యూటర్లోనే చూడొచ్చు. అరుదైన మొక్కలైతే చోటు ఎక్కడో కనబడకుండా దాచేస్తారు, ఎవరూ వెళ్లి పెరుక్కురాకుండా.