తాత చదివే హోంవర్కు

చలికాలంలో ఆక్లాండ్‌లో మధ్యాహ్నం మూడింటికి బడి వదిలేసరికి మొయినాబాద్ దగ్గరి హిమాయత్‌నగర్‌లో పొద్దున ఎనిమిదిన్నర. తాత చాయ్ తాగి, కళ్లద్దాలు తుడుచుకుని, ఫోన్లో మనవడి బ్లాగు తెరిచే వేళ. తాతకు ఇంగ్లీషు రాదు. పక్కింటి డిగ్రీ పిల్ల చదివి తెలుగులో చెబుతుంది. మూడో తరగతి మనవడు ఒకసారి, సముద్రం ఒడ్డున తనని పీత కరిచిన సంగతిని ఆరు వాక్యాల్లో ముగించాడు. గంటలోపే తాత గొంతు ఫోన్లో వచ్చింది: “ఏ వేలు కరిచిందిరా? నెత్తురొచ్చిందా? గది రాయలేదేంది?”

మర్నాటికి ఆరు వాక్యాలు పదకొండయ్యాయి.

ఈ కాలమ్ రాసే ప్రవాసి ఆ పిల్లాడి తండ్రే. “కాస్త వివరంగా రాయరా” అని నెలల తరబడి వెంటపడి ఓడిపోయినవాడు. టీచర్ దిద్దే నోటుబుక్కులో పీత కథ అక్షర దోషాల దగ్గర ఆగిపోతుంది. తాతకు కావలసింది మాత్రం నెత్తురొచ్చిందా లేదా అన్నదే.

చదివి అడిగేవాళ్లుంటే పిల్లలు రాస్తారన్న ఈ కిటుకును ఆక్లాండ్ తూర్పున ఉన్న పాయింట్ ఇంగ్లండ్ స్కూల్ ఏనాడో పట్టుకుంది. అక్కడ చదివేది ఎక్కువగా మావోరీ, పసిఫిక్ దీవుల కుటుంబాల పిల్లలు. చేతిలో డబ్బు ఆడే ఇళ్లు కావు. ఆ బడీ, చుట్టుపక్కల బడులూ కలిసి మనైయాకలాని పేరుతో ఒక ప్రయత్నం మొదలుపెట్టాయి. తల్లిదండ్రులు చిన్న చిన్న వాయిదాల్లో పిల్లలకు కంప్యూటర్లు కొనిపెట్టారు. పిల్లలకు సొంత బ్లాగులు వచ్చాయి. నేర్చుకో, తయారుచెయ్యి, నలుగురికీ చూపించు అన్నది వాళ్ల పద్ధతి. ఆ మూడోదానికే బ్లాగు.

అసలు పరీక్ష సెలవుల్లో వస్తుంది. న్యూజీలాండ్‌లో ఎండాకాలం సెలవులంటే డిసెంబరు, జనవరి. పుస్తకాలు తక్కువున్న ఇళ్ల పిల్లలు ఫిబ్రవరిలో తిరిగొచ్చేసరికి చదవడం, రాయడం కొంత మరిచిపోయి ఉంటారు. మన బడుల్లో జూన్‌లో కనిపించేదీ ఇదే. అందుకని ఆక్లాండ్ విశ్వవిద్యాలయం వాళ్లతో కలిసి ‘సమ్మర్ లెర్నింగ్ జర్నీ’ పెట్టారు. పిల్లలు ఇంటి దగ్గరే ఉండి బ్లాగులో రాస్తారు. అవతల పెద్దవాళ్లు కూర్చుని ఒక్కొక్కరికీ జవాబిస్తారు. బరువంతా ఆ జవాబుల మీదే. జవాబు రాని బ్లాగు అడ్రసు తప్పిన ఉత్తరంతో సమానం. రెండు వారాలు చూసి పిల్లాడు మూసేస్తాడు.

ఇంగ్లండులో బోల్టన్‌లోని హీత్‌ఫీల్డ్ ప్రైమరీ స్కూల్లో పనిచేసిన డేవిడ్ మిచెల్ అనే ఉపాధ్యాయుడిదీ ఇదే ఆలోచన. నాలుగు బడుల్ని ఒక జట్టు చేశాడు. వారానికి ఒక బడి వంతు. మిగతా మూడు బడుల పిల్లలూ ఆ వారమంతా దాని రాతలే చదివి జవాబు రాయాలి. దాన్ని క్వాడ్‌బ్లాగింగ్ అన్నారు.

పిల్లల రాత ఎంత దూరం పోతుందో చెప్పాలంటే మార్తా పేన్ కథ చెప్పాలి. స్కాట్లండ్‌లోని లాక్‌గిల్ప్‌హెడ్‌లో తొమ్మిదేళ్ల పిల్ల. 2012 ఏప్రిల్ చివర, తండ్రి సాయంతో, బడిలో పెట్టే మధ్యాహ్న భోజనానికి రోజూ ఫొటో తీసి మార్కులు వేయడం మొదలుపెట్టింది. ఎన్ని ముద్దలయ్యాయో, వెంట్రుక వచ్చిందో లేదో కూడా లెక్క రాసేది! జూన్‌లో స్థానిక కౌన్సిల్ ఫొటోలు వద్దంది. ప్రపంచమంతా గొడవైతే వెంటనే వెనక్కి తగ్గింది. ఆ ఊపులో పోగైన విరాళాలు లక్ష పౌండ్లు దాటి, మలావీలో ఒక బడికి వంటశాల అయ్యాయి. తెలంగాణ బడుల్లో 2015 జనవరి నుంచి సన్నబియ్యం వండుతున్నారు. ఆ మార్పు మీద ఒక నాలుగో తరగతి పిల్ల మార్కులు వేసి ఉంటే చదవాలని ఈ ప్రవాసికి ఇప్పటికీ ఆశ.

హిమాయత్‌నగర్ చుట్టుపక్కల రాయడానికి సరుకు లేకపోలేదు. చేవెళ్ల రోడ్డు పొడుగునా మర్రిచెట్లు. చిలుకూరు బాలాజీ గుడిలో వీసా కోసం పదకొండు, వచ్చాక నూట ఎనిమిది ప్రదక్షిణలు చేసేవాళ్లు. మొయినాబాద్ దారిలో పూలతోటలు. బ్లాగు పెట్టడానికి పిల్లకో కంప్యూటర్ అక్కర్లేదు. నోటుబుక్కు పేజీని టీచర్ ఫొటో తీసి పెట్టినా చాలు. కానీ పిల్లల రాతలు నెట్‌లో పెట్టేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు ఇంటిపేరు దాచడంతో తీరవు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది.

ఈమధ్య ఊరు చూసొచ్చిన మనవడు మర్రిచెట్టు గురించి రాశాడు. కొమ్మల నుంచి తాళ్లు వేలాడుతున్నాయట. తాతకు కోపం వచ్చింది: “తాళ్లు కాదురా, ఊడలు!” పిల్లాడు ఇంగ్లీషు వాక్యం మధ్యలో ‘ఊడ’ను అలాగే ఇరికించాడు. ఊడ అంటే ఏమిటి, నేలను తాకాక ఏమవుతుంది అని టీచర్ అడిగింది. ఆ ప్రశ్న నాలుగు రోజులుగా తాత ఫోన్లోనే ఉంది. పక్కింటి పిల్లకు పరీక్షలు.