అమెరికాలో మ్యాట్నీకి వెళ్ళొచ్చాను!

అమ్మాయి పురిటికో, మనవణ్ణి చూసుకోవడానికో అమెరికా వెళ్ళొచ్చిన అమ్మలు మీలో చాలామందే ఉంటారు. మొదటి నెల ఎలా గడిచిందో తెలియదు. రెండో నెల నుంచీ ఇంట్లో ఊపిరాడదు. అమ్మాయీ అల్లుడూ ఆఫీసులకి, పిల్లవాడు డేకేర్‌కి. మనకా కారు నడపడం రాదు. శని, ఆదివారాల్లో వాళ్ళు తీసుకెళితే ఇండియన్ స్టోర్సు, గుడి. అంతే కదూ! ఈసారి కాలిఫోర్నియా వైపు వెళితే మాత్రం మీరు తప్పకుండా చూడవలసిన చోటొకటి ఉంది. గోల్డెన్ గేట్ వంతెన కాదు లెండి, అది ఎలాగూ చూపిస్తారు. నేను చెప్పేది ఓ పాత సినిమాహాలు.

మా అమ్మాయి ఉండేది సన్నీవేల్‌లో. అక్కడ కాల్‌ట్రెయిన్ ఎక్కితే ఇరవై నిమిషాల్లోపే పాలో ఆల్టో. స్టేషన్లో దిగి యూనివర్సిటీ ఎవెన్యూ వెంట నాలుగడుగులు వేస్తే పెద్ద దీపాల బోర్డు కనిపిస్తుంది. అదే స్టాన్‌ఫర్డ్ థియేటర్. 1925లో, మూకీల కాలంలో కట్టారు. తర్వాత అన్ని హాళ్ళలాగే కళ తప్పింది. 1987లో నాట్యం చేసే హీరో ఫ్రెడ్ ఆస్టేర్ పోయినప్పుడు, కంప్యూటర్ల కంపెనీ పెట్టిన డేవిడ్ ప్యాకర్డ్ గారి అబ్బాయి ఈ హాలు అద్దెకు తీసుకుని ఆస్టేర్ పాత సినిమాలు ఆడించారట. ఆయన గ్రీకు చదివి పాఠాలు చెప్పిన మాస్టారు. జనం బాగా వచ్చారు. అదే ఏడు వాళ్ళ ఫౌండేషన్ హాలునే కొనేసింది. పైకప్పు రంగులు, గోడల మీది బొమ్మలు మొదట ఎలా ఉండేవో అలాగే తిరిగి వేయించి 1989లో మళ్ళీ తెరిచింది. అప్పటినుంచీ అక్కడ ఆడేవన్నీ 1910 నుంచి 1970 దాకా వచ్చిన పాత సినిమాలే! ఒక్క టిక్కెట్టుకి వరసగా రెండు సినిమాలు చూడొచ్చు.

మొదటిసారి పిల్లవాణ్ణి అల్లుడికి అప్పగించి నేనూ అమ్మాయీ వెళ్ళాం. "ఇవన్నీ ఇంట్లో టీవీలో వస్తాయి కదమ్మా" అని దారిపొడుగునా సణిగింది. ఆ రోజు 1923 నాటి మూకీ, 'సేఫ్టీ లాస్ట్'. తెర ముందు పెద్ద ఆర్గన్ ఉంది. ఒకాయన కూర్చుని సినిమా పొడుగునా వాయిస్తూనే ఉన్నాడు. హారల్డ్ లాయిడ్ అంతెత్తు మేడ గోడ ఎక్కి గడియారం ముల్లు పట్టుకుని వేలాడుతుంటే హాలంతా కేకలు! నా పక్కనున్న పెద్దావిడ నా చెయ్యి పట్టేసుకుంది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, నవ్వుకోవడానికి ఏ భాషా కావలసి రాలేదు. ఇంగ్లీషు రాదని వెనకాడే వాళ్ళు ముందు మూకీకే వెళ్ళండి.

రెండోసారి ఒక్కదాన్నే వెళతానన్నాను. అమ్మాయి నోరు తెరిచింది. "నువ్వొక్కదానివా? తప్పిపోతే?" అంది. ఇండియా నుంచి మావారు ఫోనులో ఒకటే కంగారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేనొక్కదాన్నే సినిమాకి వెళ్ళిందెప్పుడు గనక! మా ఊళ్ళో ఆడవాళ్ళ కౌంటర్ దగ్గర టిక్కెట్టు తీసినా వెనక అత్తగారో ఆడపడుచో ఉండేవారు. పొద్దున్నే పులిహోర కలిపి పెట్టి, శాలువా భుజాన వేసుకుని బయల్దేరాను. స్టేషన్లో మిషను దగ్గర టిక్కెట్టు తీస్తుంటే చేతులు వణికాయంటే నమ్మండి.

ఆ మ్యాట్నీలో క్లార్క్ గేబుల్ నటించిన 'ఇట్ హాపెన్డ్ వన్ నైట్', 1934 నాటిది. పావుగంట చూశానో లేదో, ఈ కథ నాకు తెలుసే అనిపించింది! రాజ్‌కపూర్, నర్గీస్‌ల 'చోరీ చోరీ' దీని నుంచే తీశారు. ఇంక మాటలు అర్థం కాకపోతే ఏం? అందరితోపాటు నవ్వాను, అందరికంటే ముందు కూడా నవ్వాను.

రెండు సినిమాల మధ్య పాప్‌కార్న్ తింటూ (ఉప్పు తప్ప ఏమీ ఉండదు, కాస్త కారం చల్లితే ఎంత బావుండునో!) మా ఊరి టాకీసు తలచుకున్నాను. మాయాబజార్ నేను మొదట చూసింది అక్కడే, అమ్మ ఒళ్ళో కూర్చుని. ఇప్పుడది కల్యాణమండపం. క్రిందటేడు మా పెదమావయ్య మనవరాలి పెళ్ళి అక్కడే అయింది. ఒకప్పుడు తెర ఉన్న గోడకెదురుగా కూర్చుని విస్తట్లో భోంచేశాను. వంట బాగానే ఉంది, నాకే ముద్ద దిగలేదు. మన సినిమాలకేం, బతికే ఉన్నాయి. 2010లో మాయాబజార్‌కి రంగులద్దారు. 2024లో అక్కినేని నాగేశ్వరరావుగారి శతజయంతికి దేవదాసు, మిస్సమ్మలాంటివి పెద్ద పెద్ద మల్టీప్లెక్సుల్లో మళ్ళీ వేశారు. కానీ అవి మూడు రోజుల ముచ్చటే. పాత సినిమా ఎప్పుడూ ఆడే పాత హాలు మనకొకటి ఉంటే, ఒక్కటంటే ఒక్కటి!

మీరు వెళ్ళేటట్టయితే కొన్ని జాగ్రత్తలు. వారంలో అన్ని రోజులూ ఆటలుండవు. ఏ రోజు ఏది ఆడుతుందో ముందే అమ్మాయిని చూసి చెప్పమనండి. క్రిస్మస్ ముందురోజు 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' వేస్తారు, దానికి విపరీతమైన గిరాకీ, టిక్కెట్టు ముందే తీసుకోవాలి. రైలు టిక్కెట్టు ఎక్కకముందే తీసుకోండి, 65 ఏళ్ళు దాటితే ధర తగ్గుతుంది.

నేను ఇంటికొచ్చేసరికి అమ్మాయి గుమ్మంలోనే నిలబడి ఉంది. పులిహోర అలాగే ఉంది, వాళ్ళు ముట్టుకోనే లేదు. "ముందు కథ చెప్పమ్మా" అంది.