సెల్ఫ్ గరగర, నేను తొందరపడి అన్న మాట

ఈసారి కొంచెం పెద్ద పోస్టే. కారు గురించి మొదలుపెడుతున్నాను గానీ, మన సంఘంలో ఒక అబ్బాయికి నేను బాకీ ఉన్న మాట కూడా ఇందులో ఉంది.

మా అమ్మకు వారానికి మూడు రోజులు డయాలసిస్ అని మీకు తెలుసు. ఆనేకల్ నుంచి ఐదింటికే బయలుదేరకపోతే చందాపుర దగ్గర ఇరుక్కుపోతాం. నాకు నైట్ షిఫ్ట్ ఉన్న వారాల్లో ఆ అబ్బాయే తీసుకెళ్తాడు. పెట్రోలు డబ్బులు తప్ప రూపాయి ముట్టడు.

ఉగాది తర్వాత తాళం తిప్పగానే గర్ర్‌ర్‌మని చప్పుడు మొదలైంది. వీధిలో కుక్కలు కూడా లేచేవి. రోజూ కాదు, మూడు నాలుగుసార్లకు ఒకసారి. బ్యాటరీ అనుకున్నాను. బ్యాటరీ దిగితే టకటకమంటుంది, లేదా ఇంజిన్ నీరసంగా తిరుగుతుంది, లైట్లు మందగిస్తాయి. ఇక్కడ లైట్లు బాగానే ఉన్నాయి, సెల్ఫ్ మోటారు జోరుగా తిరుగుతోంది, ఇంజిన్ మాత్రం కదలట్లేదు.

మొదట చూపించిన మెకానిక్ "సెల్ఫ్ పోయింది సార్" అని మార్చేశాడు. 4,800 రూపాయలు. నాలుగు రోజులకే మళ్ళీ గర్ర్‌ర్! అప్పుడు ఆయన, "ఇంజిన్ స్టార్టయ్యాక కూడా ఎవరో తాళం తిప్పుతున్నారు" అన్నాడు. నాకు ఆ అబ్బాయి తప్ప ఇంకెవరూ తట్టలేదు. ఆ ఆదివారం మీటింగులో, మీలో చాలామంది ఉండగానే, "కారు నీ అబ్బసొత్తనుకున్నావా, చూసి నడపరా" అనేశాను. వాడు ఎదురు మాట్లాడలేదు. "సరే మామా" అని తాళం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

తర్వాత రెండు వారాలు అమ్మను క్యాబ్‌లో పంపాం. ఒక రోజు క్యాబ్ రద్దయి గంటన్నర ఆలస్యమైంది. ఆ రోజు ఇంట్లో నాతో ఎవరూ సరిగా మాట్లాడలేదు.

అత్తిబెలె వైపు ఒక పెద్దాయన ఉన్నాడంటే వెళ్ళాను. ఆయన బానెట్ కూడా ఎత్తలేదు. చప్పుడు విన్నాడు, "నాలుగు సిలిండర్లా?" అని అడిగాడు. తాళం ఆఫ్ చేయించి, నాలుగో గేరు వేయించి, కారును బెత్తెడు ముందుకు తోయమన్నాడు. మళ్ళీ న్యూట్రల్ చేసి తిప్పితే ఒక్క దెబ్బకు స్టార్టు! "సెల్ఫ్ కాదన్నా, ఫ్లైవీల్ రింగు పళ్ళు" అన్నాడు.

సంగతేమిటంటే, తాళం తిప్పగానే సోలెనాయిడ్ ఒక చిన్న గేరును ముందుకు తోస్తుంది. అది ఫ్లైవీల్ చుట్టూ ఉన్న రింగు పళ్ళలో పడి ఇంజిన్‌ను తిప్పుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఆపినప్పుడు, లోపలి ఒత్తిడి వల్ల దాదాపు ఎప్పుడూ ఎదురెదురుగా ఉన్న రెండు చోట్లలో ఒకచోటే ఆగుతుంది. ఏళ్ళ తరబడి ఆ రెండు చోట్ల పళ్ళే దెబ్బ తింటాయి. మనం తోసినప్పుడు ఇంజిన్ కాస్త తిరిగి మంచి పళ్ళు ఎదురొచ్చాయి, అంతే. (1912లో క్యాడిలాక్‌కు కెటరింగ్ ఎలక్ట్రిక్ సెల్ఫ్ పెట్టేదాకా జనం ముందు నిలబడి హ్యాండిల్ తిప్పేవాళ్ళు. చేతులు విరగ్గొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆ లెక్కన మన బాధ చిన్నదే.)

గేర్‌బాక్స్ దించాక రింగు చూపించాడు. రెండు చోట్ల మాత్రమే పళ్ళు ఎలుక కొరికినట్టున్నాయి, మిగతావన్నీ బాగున్నాయి. నేను అబ్బాయి సంగతి చెప్పాను. ఆయన నవ్వి, "ఇంజిన్ తిరుగుతుండగా తాళం తిప్పుంటే, రింగు స్పీడుగా తిరుగుతుంటుంది కదా, గీతలు చుట్టూ పడాలి. ఇవి వయసు దెబ్బలు" అన్నాడు. కారుకు పద్నాలుగేళ్ళు మరి.

కొత్త రింగును బాగా వేడి చేసి, వ్యాకోచించాక ఫ్లైవీల్‌కు తొడిగారు. చల్లారాక అదే బిగుసుకుంటుంది. పాడైన రింగు మీద తిరిగి కొత్త సెల్ఫ్ పళ్ళు కూడా కొంచెం అరిగాయి, ఆ గేరూ మార్చాం. ఎలాగూ దించాం కదా అని క్లచ్ ప్లేటు కూడా వేయించాను. మొత్తం 11,500. మీలో ఎవరికైనా ఇలాంటి చప్పుడు వస్తే, సెల్ఫ్ కొనేముందు దాని బోల్టులు వదులయ్యాయేమో చూడండి, తర్వాత ఈ తోసే పరీక్ష చేయండి. తాళం ఆఫ్‌లోనే ఉండాలి, చదునైన చోటే చేయాలి.

శనివారం వాడి ఇంటికి వెళ్ళాను. మీటింగులో అన్నది అందరి ముందు కాబట్టి, ఇక్కడ కూడా అందరి ముందే చెబుతున్నా: తప్పు నాది బాబూ, మన్నించు. వాడు కాఫీ ఇచ్చి, "అవ్వకు మంగళవారమే కదా మామా?" అని మాత్రం అడిగాడు.

మంగళవారం ఐదింటికి కారు ఒక్క తిప్పుకే స్టార్టయింది. కుక్కలు కూడా లేవలేదు.